కవరులోని ఎత్తు

గురువారం సాయంత్రం ఐదున్నరకి సెంద్రెయ్ అలదార్ చదరంగంలో తన నలభై ఒకటో ఎత్తుని చిన్న కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కవరులోకి తోశాడు. కవరు మూత మడిచి, బల్ల మీద పెట్టి, బొటనవేలితో రెండుసార్లు గట్టిగా అదిమాడు. ముందువైపు తేదీ, ఎత్తు నంబరు వేసి, బోర్డుకి అవతల కూర్చున్న బెర్తలాన్ ముందుకి జరిపాడు. తొంభై మూడేళ్ల చెయ్యి అది. అయినా అంకెలు అచ్చు గుద్దినట్టే పడేవి.

పావులు చెదరకుండా బోర్డుని ఎత్తి పుస్తకాల బీరువా మీద పెట్టడం బెర్తలాన్ పని. అతనికి ఎనభై తొమ్మిది. ఇద్దరిలో కుర్రాడు అతనే.

"మెల్లిగా పెట్టరా," అన్నాడు అలదార్. "పోయిన నెల నా గుర్రాన్ని ఒక గడి పక్కకి జరిపేశావు."

"అక్కడుంటేనే దానికి బతుకు. పుణ్యం చేశాను."

"నాకు నీ పుణ్యాలొద్దు. నా గుర్రం నా గడిలో ఉంటే చాలు."

నలభై ఎత్తులయ్యాక ఆట ఆపడం పాతకాలపు పద్ధతి. గంటలకొద్దీ సాగిన ఆటని మర్నాటికి వాయిదా వేసేవాళ్లు. ఎత్తు వెయ్యాల్సిన వంతు ఎవరిదైతే వాడు బోర్డు మీద వెయ్యకుండా, కాగితం మీద రాసి కవరులో పెట్టి ఇచ్చెయ్యాలి. అందులో ఏముందో అవతలివాడికి తెలియదు. మర్నాడు కవరు తెరిచి, ఆ ఎత్తు వేసి, ఆట మొదలుపెడతారు. కంప్యూటర్లొచ్చి ఎంత చిక్కు ఆటనైనా క్షణంలో విప్పి చూపించడం మొదలుపెట్టాక ప్రపంచమంతా ఆ పద్ధతిని వదిలేసింది. బుడాపెస్ట్‌లో, పొజోని వీధిలో, నాలుగో అంతస్తులో, ఈ ఇద్దరు ముసలివాళ్లు మాత్రం పద్నాలుగేళ్లుగా గురువారం గురువారం దాన్ని నడుపుకుంటూ వచ్చారు. అక్కడ మధ్యవర్తి ఎవరూ లేరు కాబట్టి ఒకడు రాసిన కవరు రెండోవాడి జేబులో వారం రోజులుండేది.

బెర్తలాన్ కోటు తొడుక్కుని కవరుని లోపలి జేబులో పెట్టుకున్నాడు. మోకాళ్లు పట్టేశాక కుర్చీలోంచే చెయ్యి ఊపేవాడు అలదార్. ఆరోజు కర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు.

"బెర్చీ," అన్నాడు ముద్దుపేరుతో. "ఈసారి ఏనుగు. ఏడో వరసకి."

కవరులో ఏముందో ఎదుటి ఆటగాడికి చెప్పడమనేది చదరంగంలో లేదు. ఎవరూ ఎక్కడా చెయ్యరు. బెర్తలాన్ చెయ్యి కోటు బొత్తాం దగ్గరే ఆగిపోయింది. అరవై ఏళ్లుగా గొంతు దాటని మాట అప్పుడు, ఎవరో వెనకనుంచి నెట్టినట్టు, బయటికొచ్చేసింది.

"కవరులో ఏముందో నువ్వు చెబితే నమ్మి ఒకసారి రాత్రంతా తగలేసుకున్నాను. చాల్లే."

అలదార్ చూపు టోపీలు తగిలించే కొయ్య మీదికి పోయింది.

"గొడుగు," అన్నాడు. "గొడుగు మర్చిపోతున్నావు."

బయట వాన లేదు. బెర్తలాన్ గొడుగు తీసుకుని లిఫ్టు ఎక్కాడు. మార్గిట్ వంతెన మీద ట్రామ్ నెమ్మదిగా పోతుంటే, అంత మాట అనకుండా ఉండాల్సింది అనుకున్నాడు. వచ్చే గురువారం ఎలాగోలా సర్దుకోవచ్చని కూడా అనుకున్నాడు. అరవై ఏళ్లు ఊరుకున్నవాళ్లకి ఒక వారం ఏపాటి?

ఆదివారం పదింటికి అలదార్ కూతురు ఎమోకె ఫోన్ చేసింది. నాన్న కాఫీ తాగి, పేపర్లో వచ్చే చదరంగం లెక్క ముందేసుకుని కూర్చున్నాడని, గిన్నెలు కడిగి వచ్చేసరికి పెన్సిల్ నేలమీద ఉందని చెప్పింది.

"లెక్క తెగిందా?" అని అడిగాడు బెర్తలాన్. ఏమడుగుతున్నాడో అతనికే తెలియలేదు.

"తెలీదు బాబాయ్," అంది ఎమోకె. "నేను చూళ్లేదు."

*

అలదార్‌కి చదరంగం నేర్పింది ఆంగ్యల్‌ఫొల్డ్ పేటలో ఒక మంగలి. తలకి నురగ పట్టించి ఒక ఎత్తు, కత్తి నూరి ఒక ఎత్తు వేసేవాడట. పన్నెండేళ్ల అలదార్ క్షవరం అవసరం లేకపోయినా పోయి వరసలో కూర్చునేవాడు. పద్దెనిమిదేళ్లకి అచ్చు పనివాళ్ల సంఘం జట్టులో చేరాడు. ముప్ఫై ఏడేళ్లకి గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. ఆ బిరుదు కూడా ఒక్క పెద్ద గెలుపుతో రాలేదు, డ్రాలతో వచ్చే సగం పాయింటు, సగం పాయింటు పోగేసుకుని తెచ్చుకున్నాడు. ఓడించడం కష్టం, గెలవడం ఆయనకి ఇష్టం లేదు అనేవాళ్లు. క్లబ్బులో ఒక మాట ఉండేది: అలదార్‌తో ఆట పడిందంటే సగం పాయింటు తపాలాలో వచ్చేసినట్టే, కోటు తొడుక్కుని ఇంటికి పోవచ్చు. ఆ మాట ఎదురుగా అన్నా నవ్వేవాడు.

"మరి తపాలా ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారనుకున్నావు? నేనే," అనేవాడు.

పందొమ్మిది వందల యాభై ఒకటిలో బెర్తలాన్ ఆ క్లబ్బుకి వచ్చాడు. పద్దెనిమిదేళ్లు. రైల్వేలో టైంటేబుళ్లు తయారుచేసే ఆఫీసులో కొత్తగా చేరాడు. మొదటి ఆటలోనే అలదార్ చేతిలో ఓడిపోయి, లేచి టోపీ తీసుకోబోతుంటే, "ఎక్కడికి?" అన్నాడు అలదార్. "కూర్చో. ఇప్పుడు చెప్పు, ఎక్కడ తప్పాం?"

ఓడినవాడు బెర్తలాన్, అయినా 'తప్పాం' అన్నాడు. గెలిచినా, ఓడినా, డ్రా అయినా అదే మాట. ఆట అయ్యాక పావులన్నీ మళ్లీ మొదటి నుంచి పేర్చి, ఎక్కడ దారి తప్పిందో ఇద్దరూ కలిసి వెతకడం చదరంగం ఆడేవాళ్లలో ఉన్నదే. కొందరికది మర్యాద. అలదార్‌కి అదే ఆట. ఆడేటప్పుడు నోరు విప్పని మనిషి అప్పుడు చేతులూపుతూ, నవ్వుతూ, పెళ్లాం గురించీ పిల్లల గురించీ కూడా మధ్యమధ్యలో చెప్పేసేవాడు. క్లారిని పెళ్లి చేసుకోబోతున్నానని బెర్తలాన్‌కి చెప్పింది అలాగే, గుర్రాన్ని చేత్తో పట్టుకుని. తల్లికి జబ్బని చెప్పిందీ అలాగే. మామూలుగా ఎదురెదురుగా కూర్చుని ఏదీ చెప్పలేడు. మధ్యలో బోర్డుండాలి, ఆట అయిపోయి ఉండాలి. క్లబ్బు తుడిచే ఆవిడ బకెట్ నేలకేసి కొట్టేదాకా ఇద్దరూ అలా కూర్చునేవాళ్లు.

బెర్తలాన్ గొప్ప ఆటగాడు కాలేదు గాని, వాయిదా పడ్డ ఆటల్ని తవ్వడంలో అతనికి సాటి లేదు. ఏ రైలు ఏ స్టేషన్లో ఏ రైలుకి దారి ఇవ్వాలో ఏళ్ల తరబడి లెక్కగట్టిన బుర్ర. అలదార్ పెద్ద పోటీలకి వెళ్లేటప్పుడల్లా సహాయకుడిగా అతన్ని వెంటబెట్టుకెళ్లేవాడు.

అరవై మూడులో బల్గేరియా సముద్రపు ఒడ్డున జరిగిన పోటీకి కూడా అలాగే వెళ్లారు. బెర్తలాన్ కాగితాలు రావడానికి రెండు నెలలు పట్టింది. అతని అన్న విల్మొష్ యాభై ఆరు నవంబరులో, సోవియట్ సైన్యం తిరుగుబాటుని అణిచేశాక, సరిహద్దు దాటి కెనడా వెళ్లిపోయాడు. అక్కణ్ణుంచి వచ్చే ఉత్తరాలు ప్రభుత్వంవాళ్లెవరో ఒకసారి చదివాకే బెర్తలాన్ చేతికొచ్చేవి. కవరు మూత మీద జిగురు రెండోసారి పూసినట్టు ఎండి గరగరలాడేది. ఆ మూత చూడటం అతనికి ఇష్టం ఉండేది కాదు. అందుకే ఉత్తరం ఏదొచ్చినా వెనక్కి తిప్పేవాడు కాదు. కాగితాలు కోసే కత్తి తీసి, పొట్టి అంచున సన్నగా కోసి, లోపలిది బయటికి లాగేవాడు. అది అలవాటుగా ఉండిపోయింది.

బుడాపెస్ట్ స్టేషన్లో రైలెక్కేటప్పుడు జట్టు పెద్ద అందరి ముందూ నవ్వుతూ అన్నాడు: "కవరులో ఏముందో కవరుకి తెలిస్తే చాలు బెర్తలాన్ గారూ. కెనడాకి తెలియనక్కర్లేదు." అందరూ నవ్వారు. అలదార్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. నవ్వాడో లేదో బెర్తలాన్‌కి కనిపించలేదు.

ఆఖరి ఆట ఒక డచ్చి ఆటగాడితో. గెలిస్తే అలదార్ ప్రపంచ పోటీల తర్వాతి మెట్టు ఎక్కుతాడు. డ్రా అయితే ఇంటికి. ఐదు గంటలాడాక, మధ్యాహ్నం రెండింటికి, అలదార్ వంతులో ఆట వాయిదా పడింది. జనంలో నిలబడి చూస్తున్న బెర్తలాన్‌కి దారి కనిపించేసింది. ఏనుగుని ఏడో వరసకి తోసెయ్యాలి. ఒక బంటు పోతుంది. మన రాజు మీదికి గాలి కొడుతుంది. పోనీ. అవతలివాడికి ఊపిరాడదు. అలదార్ పది నిమిషాలు పెన్ను పట్టుకుని కూర్చుని, రాసి, కవరు ఇచ్చి, బయటికొచ్చాడు.

సముద్రం వైపు దిగే మెట్ల మీద బెర్తలాన్ అతన్ని పట్టుకున్నాడు.

"ఏనుగేగా? ఏడో వరసకి? బంటు పోతే పోయింది. ఏనుగేగా రాసింది?"

అలదార్ సముద్రం కేసి చూశాడు. "ఏనుగే," అన్నాడు.

అప్పటినుంచి మర్నాడు పొద్దున పదింటిదాకా బెర్తలాన్ జేబుబోర్డు మీంచి తలెత్తలేదు. పదకొండు పేజీలు నింపాడు. పందొమ్మిదో ఎత్తుకి గెలుపు తేలింది. ఏ దారిన పోయినా తేలింది. పక్క మంచం మీద అలదార్ "ఊ" కొడుతూ పడుకున్నాడు. తెచ్చిపెట్టిన రొట్టె ముట్టలేదు. పోటీ దడ అనుకున్నాడు బెర్తలాన్.

పదింటికి కవరు చింపారు. రాజు, ఒక గడి వెనక్కి.

డచ్చి ఆటగాడు కుర్చీలో వెనక్కి వాలాడు. భద్రమైన ఎత్తు, ఎవరికీ ప్రమాదం లేనిది. ఇంకో ఆరు ఎత్తులకి చేతులు కలుపుకున్నారు. అలదార్ సగం పాయింటుతో తప్పిపోయాడు. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఆ మెట్టు దాపులకి కూడా రాలేదు.

బెర్తలాన్ పదకొండు పేజీలూ హోటలు గదిలోనే వదిలేశాడు. రైల్లో వేరే పెట్టెలో కూర్చున్నాడు. లెక్క సులువుగానే తేలింది అతనికి. నన్ను నమ్మలేదు. కెనడాలో అన్న ఉన్నవాడు కదా, చెబితే ఎవరికి చేరుతుందో అని తప్పు ఎత్తు చెప్పాడు, తప్పు ఎత్తు మీద నన్ను రాత్రంతా తవ్వనిచ్చాడు. పక్క మంచం మీద పడుకుని, ఊ కొడుతూ, తవ్వనిచ్చాడు. ఆ 'ఊ' దగ్గరికొచ్చేసరికి ఆలోచన ఇంక ముందుకి పోయేది కాదు.

అడగలేదు. అలదారూ చెప్పలేదు.

*

పన్నెండేళ్లు మాటల్లేవు. డెబ్భై ఐదు చలికాలంలో, వేడినీళ్ల స్నానాల కొలనులో, నడుముదాకా నీళ్లలో నిలబడి బెర్తలాన్ ఎవరితోనో చదరంగం ఆడుతున్నాడు. అవతలివాడు ఓడిపోయి వెళ్లిపోయాడు. ఆవిరిలోంచి ఇంకో మనిషి వచ్చి నీళ్లలోని రాతి బల్లకి అవతల నిలబడ్డాడు. జుట్టు పలచబడింది.

"తెల్లవి నీవా, నావా?" అన్నాడు అలదార్.

బెర్తలాన్ తెల్ల పావులు అతనివైపు తోశాడు. ముప్పావుగంట ఆడారు. డ్రా. అలదార్ ముఖం వెలిగింది, చేతులు అప్పుడే పావులు పేర్చడం మొదలుపెట్టాయి.

"ఇప్పుడు చెప్పు, ఎక్కడ తప్పాం?"

"ఆట అయిపోయింది," అన్నాడు బెర్తలాన్. పావులన్నీ రెండు చేతులా ఊడ్చి సంచీలో పోసేశాడు.

అదే ఒప్పందంలా ఉండిపోయింది. ఆడటం వరకే. నలభై ఏడేళ్లలో కొన్ని వందల ఆటలాడి ఉంటారు. పెళ్లిళ్లయ్యాయి, చావులయ్యాయి. క్లారి పోయినప్పుడు శవపేటిక వెనక బెర్తలాన్ అలదార్ చెయ్యి పట్టుకుని నడిచాడు. ఎమోకె మందుల షాపు తెరిస్తే అరలు బిగించింది అతనే. ఇద్దరూ ప్రాణస్నేహితులనే అనుకునేవాళ్లు చూసినవాళ్లు. ఆట అయిన ఆ క్షణం మాత్రం ప్రతిసారీ వచ్చేది. మొదట్లో అలదార్ అడిగేవాడు. కొన్నేళ్లకి అడగడం మానేసి చూసేవాడు. ఇంకొన్నేళ్లకి చూపు కూడా మానేశాడు గాని, చెయ్యి మాత్రం పావుల మీద ఒక్క క్షణం ఆగేది. బెర్తలాన్ అది చూసీ చూడనట్టు సంచీ తెరిచేవాడు.

అలదార్ ఆట మానలేదు. తొంభై ఒకటో ఏట కూడా ట్రామ్ కార్మికుల జట్టులో ఐదో బోర్డు మీద ఆడాడు. ఒక ఆదివారం సెగెద్ నుంచి వచ్చిన ఒక పళ్ల డాక్టరమ్మ ఆయన్ని ఓడించింది. ముప్ఫై ఏళ్లుంటాయి. ఆయన ఆనందంగా, "ఇప్పుడు చెప్పమ్మా, ఎక్కడ తప్పాం?" అన్నాడు. ఆవిడ కూర్చుంది. రెండు గంటలు. రైలు తప్పిపోయినా కూర్చుంది. అలదార్ అప్పుడెప్పుడో తప్పిపోయిన ఆటల గురించి, మంగలి కత్తి గురించి, క్లారి చేసే రేగుపళ్ల కుడుముల గురించి చెబుతూనే ఉన్నాడు. బెర్తలాన్ అతని కోటు చేత్తో పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఆ పిల్లకి ఓపిక ఎక్కువ," అన్నాడు ట్రామ్ కోసం నిలబడ్డప్పుడు.

"నీకు లేదా?"

"నాకు ట్రామ్ టైమైంది."

"టైములు రాసినవాడివే కదరా," అన్నాడు అలదార్. "ఓ పది నిమిషాలు వెనక్కి రాసుకోలేకపోయావా?"

బెర్తలాన్ నవ్వలేదు. నవ్వి ఉండాల్సింది.

అంతకు పన్నెండేళ్ల ముందే, కొలనుకి పోవడం అలదార్ మోకాళ్ల వల్ల కాకపోయాక, గురువారాలు ఇంటికి మారాయి. వాయిదా వేసి ఆడదామని, కవర్లు పెడదామని అన్నది అలదారే. ఆ మాట వినగానే బెర్తలాన్ లేచి వెళ్లిపోదామనుకున్నాడు. నా దగ్గరే కవర్ల ఊసెత్తుతాడా అని ఒళ్లు మండింది. కాని ఎదురుగా ఉన్నది మోకాళ్లు పట్టేసిన ముసలివాడు. సరే అన్నాడు. సరే అని, ఎత్తు రాయాల్సిన వంతు తనదైనప్పుడు కసి తీర్చుకున్నాడు. తన కవరుకి జిగురు పూసి, మీద టేపు వేసి, మూత అంచు మీద అడ్డంగా సంతకం పెట్టి ఇచ్చేవాడు. అలదార్ మరుసటి గురువారం దాన్ని గోళ్లతో గీకి, పళ్లతో లాగి, నానా తంటాలు పడేవాడు.

"నువ్వు బ్యాంకు పెట్టాల్సినవాడివి రా."

"పెట్టినా నిన్ను గుమ్మం ఎక్కనివ్వను."

"అది సరేగాని, కత్తెర ఇటివ్వు."

అలదార్ ఇచ్చిన కవర్లని బెర్తలాన్ వారం రోజులు జేబులోనో సొరుగులోనో భద్రంగా ఉంచి, గురువారం బోర్డు పక్కన పెట్టి, తన కత్తితో పొట్టి అంచు కోసి తెరిచేవాడు. ఖాళీ కవర్లు కూడా పారెయ్యలేదు. ఏడాదికో కట్ట కట్టి రబ్బరు బ్యాండు వేసి దాచాడు. టైంటేబులు ఆఫీసు మనిషి, కాగితం పారెయ్యడం చేతకాదు. బెర్తలాన్ అలా కోస్తున్న ప్రతిసారీ అలదార్ అతని చేతుల వంకే చూస్తూ కూర్చునేవాడు. ఏదో అనబోతున్నట్టుండేది.

*

అలదార్ అస్థికల్ని పూడ్చినరోజు చదరంగ సంఘం నుంచి వచ్చిన ఒకాయన, ఎన్ని దేశాల్లో ఆడాడో, ఎన్ని ఆటల్లో ఓడిపోలేదో చదివి వినిపించాడు. అన్నీ నిజమే. బెర్తలాన్‌కి ఒక్కటీ ఆ మనిషి గురించి చెప్పినట్టు అనిపించలేదు.

తర్వాత ఎమోకె ఇంట్లో వచ్చినవాళ్లు జున్ను బిళ్లలు తింటూ, వైన్‌లో సోడా కలుపుకుంటూ కాసేపు కూర్చుని వెళ్లిపోయారు. ఎమోకె బెర్తలాన్‌ని వంటింట్లో కూర్చోబెట్టింది.

"గురువారం ఆట ఎందాకా వచ్చింది బాబాయ్?"

"వాయిదా పడింది."

"కవరు మీ దగ్గరుందా?"

"ఉంది. ఎవరు తెరుస్తారమ్మా దాన్ని? రాసినవాడు లేడు."

"జవాబు చెప్పాల్సినవాడుంటే తెరవొచ్చు. రాసినవాడు రాకపోయినా పర్లేదు. అదే కదా నియమం? నాన్న ఎన్నోసార్లు చెప్పాడు." ఆమె గ్లాసులు ఒక పక్కకి జరిపింది. "మిమ్మల్నొకటి అడగనా? బల్గేరియా ఆట గురించి మీరు నాన్ననెప్పుడూ అడగలేదా?"

"ఏమని అడగాలి?"

"ఏనుగు అని చెప్పి రాజుని ఎందుకు రాశావని."

ఆ సంగతి మూడో మనిషికి తెలుసని బెర్తలాన్‌కి తెలియదు.

"ఆరోజు భయం వేసిందట నాన్నకి," అంది ఎమోకె. "ఏనుగు రాయబోతే చెయ్యి రాలేదట. రాజు వెనక్కి అని రాసి ఇచ్చేసి బయటికొస్తే, మెట్ల మీద మీరు అంత సంబరంగా 'ఏనుగేగా' అన్నారట. కాదు అని చెప్పడానికి సిగ్గేసిందట. ఒక గంట ఆగి చెబుదాంలే అనుకుంటే, అప్పటికే మీరు మూడు పేజీలు రాసేశారట."

"పిరికితనమా," అన్నాడు బెర్తలాన్.

"పిరికితనమే. ఏం, మీరేమనుకున్నారు?"

ఆమె ముఖం చూసి, తాను అనుకున్నది చెప్పలేకపోయాడు. నీ తండ్రి నన్ను గూఢచారి అనుకున్నాడని అరవై ఏళ్లు అనుకున్నానమ్మా అని ఎలా చెబుతాడు?

"నాతో చెప్పి ఉండొచ్చుగా," అన్నాడు చివరికి.

"నేనూ అదే అనేదాన్ని. 'ఆట అయ్యాక కూర్చుంటే చెబుతాను. వాడు కూర్చోడు' అనేవాడు." ఎమోకె కళ్లు తుడుచుకుంది. "ఎదురెదురుగా ఊరికే చెప్పడం ఆయనకి రాదు కదా. మీకు తెలుసుగా."

తెలుసు. ఆమె కంటే ముందునుంచీ తెలుసు.

గురువారం నాలుగింటికి బెర్తలాన్ తన ఇంట్లో బల్ల మీద పావులు పేర్చాడు. నలభై ఎత్తుల తర్వాత ఎలా ఉందో అలా, ఒక్కొక్కటే. గుర్రాన్ని రెండుసార్లు సరిచూసుకున్నాడు. కవరు తెచ్చి బోర్డు పక్కన పెట్టి, కత్తి అందుకున్నాడు. వేళ్లు పట్టు తప్పి కవరు జారి నేలమీద పడింది, వెనకవైపు పైకి తిరిగి. వంగి తీస్తుంటే మూత దానంతటదే తెరుచుకుంది. జిగురు ఊడిపోయింది కాబోలు అనుకున్నాడు.

లోపలి కాగితం మీద అచ్చు గుద్దినట్టున్న అక్షరాల్లో ఏనుగు, ఏడో వరస అని ఉంది. గుమ్మం దగ్గర చెప్పిందే. బెర్తలాన్ ఆ ఎత్తు వేసి, చాలాసేపు చూశాడు. గొప్ప ఎత్తు కాదు. మూడు ఎత్తుల్లో ఏనుగు చిక్కుకుపోతుంది. తొంభై మూడేళ్లవాడు తన జీవితంలో మొదటిసారి భయపడకుండా వేసిన ఎత్తు అది. తప్పు ఎత్తు.

"ఇక్కడ తప్పాం," అన్నాడు పైకే.

కాగితాన్ని తిరిగి కవరులో పెట్టబోతూ మూతని వేలితో తడిమాడు. ఊడిన జిగురైతే గరుగ్గా ఉండాలి. కెనడా ఉత్తరాలు చూసిన వేలు అది, దానికి తెలుసు. ఇది తడి తగలని జిగురులా నున్నగా ఉంది.

లేచి సొరుగు తెరిచాడు. పోయిన ఏడాది కట్ట తీసి రబ్బరు బ్యాండు విప్పాడు. ప్రతి కవరుకీ పొట్టి అంచున తను కోసిన సన్నటి గాటు. మొదటిసారి ఒకదాన్ని వెనక్కి తిప్పాడు. మూత తెరుచుకుంది. ఇంకోటి. తెరుచుకుంది. ఆ ముందటేడు కట్ట, దాని ముందటి కట్ట, పద్నాలుగేళ్లవీ ఒక్కొక్కటే తిప్పాడు. ఒక్కటీ అంటించి లేదు. అలదార్ మూత మడిచి బొటనవేలితో అదిమి ఇచ్చాడంతే. వారం వారం ఆ కవరు బెర్తలాన్ జేబులో, ఎవరైనా తీసి చూసుకునేలా, తెరిచే ఉంది.

అన్నిటికంటే పాత కవరు మూత మీద వేలు తడిచేసి ఆనించాడు. జిగురు ఇంకా అంటుకుంటోంది.